తక్కెడ సరిగా ఉన్నదా?



ఓపీ దగ్గరా వార్డుల్లోనూ మాకు తరచు ఎదురయ్యే మాట ఒకటి ఉన్నది. "సిస్టరమ్మా, పరిశోధనలో తేలిందట కదా!" మోకాళ్ల నొప్పులకు పొడి అమ్మే మనిషి చేతిలోని రంగుల కాగితం మీద ఆ మాట ఉంటుంది. సెల్‌ఫోనుకు వచ్చిన సందేశంలోనూ ఉంటుంది. "ఒకటి కాదు, ఇరవై పరిశోధనలు నిరూపించాయి" అని అంకె కూడా వేసి చెబితే ఇక ఎదురు మాట్లాడేవారు ఉండరు. చదువుకున్నవారు కూడా ఆ అంకె దగ్గర ఆగిపోతారు.

ఇరవై అన్న అంకెను చూసి నమ్మవద్దని, నమ్మే ముందు ఇంకొక ప్రశ్న వేయాలని మా అభిప్రాయం. ఆ ప్రశ్న ఏమిటో యారాడ వారికి మేము కొత్తగా నేర్పనక్కరలేదు. వేట నుంచి తెచ్చిన చేపను తూచేటప్పుడు మీరు మొదట చూసేది కాటా సరిగా ఉన్నదా లేదా అని. కాటా ఒక పక్కకు మొగ్గి ఉంటే ఒకసారి తూచినా తప్పే, ఇరవైసార్లు తూచినా తప్పే. ఇరవై తప్పు తూకాలను కూడి సగటు తీసినంత మాత్రాన ఒప్పు తూకం రాదు. తప్పు మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది. మందుల పరిశోధనల సంగతీ ఇంతే. ఎన్ని పరిశోధనలు జరిగాయి అన్నదాని కంటే, అవి మొగ్గు లేని తక్కెడతో తూచినవా కావా అన్నది ముఖ్యం. ఇది డాక్టర్లకు మాత్రమే సంబంధించిన విషయం అనుకోవద్దు. మన పిల్లల నోట్లో ఏ మందు పడుతుంది, మన కూలి డబ్బు ఏ సీసాకు పోతుంది అన్నది దీని మీదే ఆధారపడి ఉన్నది.

సాక్ష్యం వేరు, ఆధారం వేరు

2021 మే నెల మనలో ఎవరూ మరచిపోలేరు. కోవిడ్ రెండవ తాకిడిలో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేల మంది బారులు తీరారు. ఆయన మందును ఉచితంగానే పంచారు. "నాకు తగ్గింది" అని చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. వారికి నిజంగానే తగ్గింది.

అయితే ఆ మందు వలన తగ్గిందా, లేక తగ్గవలసినదే తగ్గిందా? కోవిడ్ సోకినవారిలో ఎక్కువమంది ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు. అటువంటి జబ్బుకు ఏది ఇచ్చినా "తగ్గింది" అని చెప్పేవారు వందల మంది దొరుకుతారు. తగ్గనివారు తిరిగి ఆ క్యూ దగ్గరకు రారు. చనిపోయినవారు వచ్చి సాక్ష్యం చెప్పరు. మన చెవికి చేరేది ఒక పక్క మాటే. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదికను చూసిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2021 మే 31న, కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి, ఆయన మందులలో కొన్నిటికి అనుమతి ఇచ్చింది. ఆ నివేదిక వాటి వలన హాని కనబడలేదని చెప్పింది. కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం ఉన్నదని మాత్రం చెప్పలేదు. చాలామంది మొదటి మాటను విని రెండవదాన్ని వదిలేశారు. హాని లేదన్న మాట, పని చేస్తుందన్న మాట ఒకటి కావు.

ఆరాధనలో ఒక సహోదరి నిలబడి స్వస్థత గురించి సాక్ష్యం చెబితే మనమందరం సంతోషిస్తాము. అది ఆమెకూ దేవునికీ మధ్య ఉన్న కృతజ్ఞత. ఊరందరికీ ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి మాత్రం ఒకరి సాక్ష్యం చాలదు. దానికి మందు వేసినవారినీ వేయనివారినీ సమానంగా పక్కపక్కన పెట్టి చూసిన లెక్క కావాలి.

సమీక్ష అంటే ఏమిటి?

ఒక మందు మీద ఒక దేశంలో ఒక పరీక్ష జరుగుతుంది, మరొక దేశంలో ఇంకొకటి. ఒకటి మంచిదంటుంది, మరొకటి ఉపయోగం లేదంటుంది. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కదాని నాణ్యతను తూచి, మొత్తం మీద ఏమి తేలిందో చెప్పే పనిని సమీక్ష అంటారు. ఈ పని జరగాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు స్కాట్లండు వైద్యుడు ఆర్చీ కోక్రేన్. 1972లో ఆయన రాసిన పుస్తకం వైద్యలోకాన్ని కదిలించింది. ఆయన మరణించిన తరువాత 1993లో ఆయన పేరు మీదనే ఇంగ్లండులో కోక్రేన్ సంస్థ మొదలైంది. మన ప్రాంతం వారు పెద్ద జబ్బులకు రైలెక్కి వెళ్ళే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కూడా ఆ సంస్థ కేంద్రం పని చేసింది. భారత వైద్య పరిశోధనా మండలి చొరవతో 2007లో ఈ సమీక్షల గ్రంథాలయం మన దేశంలో అందరికీ ఉచితంగా చదువుకునే వీలు కలిగింది.

సమీక్ష జరగకపోతే ఏమవుతుందో ఆ సంస్థ గుర్తే చెబుతుంది. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులు బలపడతాయని 1972లో న్యూజిలాండులో జరిగిన పరీక్ష చూపింది. తరువాత మరికొన్ని పరీక్షలు వచ్చాయి. వాటన్నిటినీ కలిపి చూడడానికి 1989 వరకు పట్టింది. ఈ మధ్య కాలంలో ఆ సంగతి తెలియని ఆసుపత్రులలో ఎందరో పసికందులు ఊపిరి అందక పోయారు. ఆ పరీక్షల లెక్కనే ఆ సంస్థ గీతలుగా గీసి తన గుర్తుగా పెట్టుకున్నది. ప్రసూతి వార్డులో ఆ ఇంజక్షన్ ఇచ్చే ప్రతి నర్సుకూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

కనుక సమీక్ష మంచిదే. కానీ సమీక్ష కూడా తన దగ్గరకు వచ్చిన సరుకును బట్టే ఉంటుంది. దీనికి మనందరి ఇళ్ళలో తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాము.

విటమిన్ ఎ చెప్పే పాఠం

టీకాల రోజున, తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు టీకాతో పాటు ఒక మిల్లీలీటరు విటమిన్ ఎ ద్రావణం నోట్లో పోస్తారు. తరువాత ఐదేళ్ళు వచ్చేవరకు ఆరు నెలలకు ఒకసారి రెండు మిల్లీలీటర్ల చొప్పున, మొత్తం తొమ్మిది మోతాదులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధనల ఆధారంగా 1970లో ఈ పథకం దేశంలో మొదలైంది. అప్పటి ఉద్దేశం రేచీకటిని, పిల్లలకు చూపు పోవడాన్ని ఆపడం.

1986లో కొత్త మాట ఒకటి వచ్చింది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో 450 గ్రామాలలో పరీక్ష చేసి, విటమిన్ ఎ ఇచ్చిన పిల్లలలో మరణాలు మూడింట ఒక వంతు తగ్గాయని అమెరికా వైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ప్రకటించింది. చూపును కాపాడే మందు ప్రాణాన్ని కూడా కాపాడుతుందన్నమాట! అయితే ఆ పరీక్షలో మందు ఇవ్వని గ్రామాల పిల్లలకు ఉత్త మందు కూడా ఇవ్వలేదు. ఎవరికి మందు పడిందో, ఎవరికి పడలేదో అందరికీ తెలుసు. అది తక్కెడలో ఒక చిన్న మొగ్గు కావచ్చునని కొందరు సందేహించారు.

1990లో మన దక్షిణాదిలోనే రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. తమిళనాడులోని తిరుచిరాపల్లి ప్రాంతంలో 15,419 మంది పిల్లలకు వారం వారం చిన్న మోతాదుగా ఇచ్చి చూశారు. మరణాలు సగానికి పైగా, అంటే 54 శాతం తగ్గాయి. అదే సంవత్సరం హైదరాబాదు పోషకాహార సంస్థ వారు తమ చుట్టుపక్కల గ్రామాలలో చేసిన పరీక్షను ప్రకటించారు. 7,691 మంది పిల్లలకు ఆరు నెలలకు ఒకసారి విటమిన్ ఎ, 8,084 మందికి విటమిన్ లేని ఉత్త మందు. రెండు గుంపులలోనూ మరణాల రేటు ఇంచుమించు ఒకటిగానే ఉన్నది.

హైదరాబాదు పరీక్షలో మరొక సంగతి బయటపడింది. మా దృష్టిలో అది నర్సులందరూ గోడ మీద రాసుకోదగినది. రెండు గుంపులలోనూ, రెండు మోతాదులూ అందిన పిల్లలలో మరణాలు అతి తక్కువ. ఒక్క మోతాదు కూడా అందని పిల్లలలో అతి ఎక్కువ. ఉత్త మందు తాగిన గుంపులో కూడా ఇదే తీరు! ఉత్త మందులో ఏమీ లేదు కదా, మరి రెండుసార్లు తాగిన పిల్లలు ఎందుకు బాగున్నారు? ఆలోచిస్తే అర్థమవుతుంది. ఆరోగ్య కార్యకర్త వచ్చిన రెండుసార్లూ ఇంట్లో దొరికిన బిడ్డ ఎవరు? తల్లి దగ్గరుండి చూసుకునే బిడ్డ, వలస పోని కుటుంబంలోని బిడ్డ, మంచం పట్టని బిడ్డ. దొరకని బిడ్డ ఊరవతల గుడిసెలో ఉండవచ్చు, లేదా అప్పటికే జబ్బుతో అమ్మమ్మగారి ఊళ్ళో ఉండవచ్చు. ఉత్త మందు ఇచ్చిన గుంపే లేకపోయి ఉంటే, "మందు తాగిన పిల్లలు బ్రతికారు, తాగని పిల్లలు పోయారు, చూడండి మందు మహిమ" అని రాసుకునేవారు. లెక్క నిజమే అయినా అందులో తీసిన అర్థం తప్పు అయ్యేది.

"మా పొడి వాడినవారినీ వాడనివారినీ పోల్చి చూశాం" అని ఎవరైనా చెబితే ఈ హైదరాబాదు పిల్లలను తలచుకోండి. వాడగలిగినవారు వేరు, వాడలేనివారు వేరు. వారి మధ్య తేడా అంతా పొడి వలన వచ్చినది కాదు.

ఇక సమీక్షల సంగతి. 2010లో కోక్రేన్ సమీక్ష 43 పరీక్షలను, సుమారు 2,15,000 మంది పిల్లల లెక్కను కలిపి, విటమిన్ ఎ వలన మరణాలు 24 శాతం తగ్గుతాయని చెప్పింది. 2013లో ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది పిల్లలతో జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. అందులో తగ్గుదల 4 శాతమే, అదికూడా కాకతాళీయం కావచ్చునన్నంత చిన్నది. ఇన్ని లక్షల మందికి నిజంగా మందు చేరిందా, పర్యవేక్షణ సరిపోయిందా అని సోమర్ వంటి పండితులు ఆక్షేపించారు. చేసినవారు తమ లెక్కను సమర్థించుకున్నారు. 2017లో సమీక్షను సవరించినప్పుడు ఆ పరీక్షనూ కలిపారు. మొత్తం 47 పరీక్షలు, 12 లక్షలకు పైగా పిల్లలు. తగ్గుదల 24 శాతం నుంచి 12 శాతానికి దిగింది. ఆ పిల్లలలో ఐదింట నాలుగు వంతులు ఒక్క ఉత్తరప్రదేశ్ పరీక్షలోని వారే.

అంకె సగానికి తగ్గింది కనుక మొదటివారు మోసం చేశారని కొందరు అంటారు. మేము అలా అనము. ఏ పరీక్ష కలిపితే ఎంత, తీసివేస్తే ఎంత అన్నది దాచకుండా చూపారు. మొగ్గు ఎక్కడ ఉండవచ్చునో పేరు పెట్టి చెప్పారు. 12 శాతం అంటే చిన్నది కాదు. నూరుమంది పిల్లలు చనిపోయే చోట పన్నెండుమంది బ్రతకడం అన్నమాట. ఆర్భాటంగా చెప్పిన పెద్ద అంకె కంటే, పదిమంది పరీక్షించి తగ్గించిన చిన్న అంకెనే మేము నమ్ముతాము.

తక్కెడ ఎక్కడెక్కడ మొగ్గుతుంది?

సమీక్ష చేసేవారు ప్రతి పరీక్షనూ కొన్ని చోట్ల పట్టి చూస్తారు. 2008 నుంచి కోక్రేన్ వారు ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క రంగు చుక్క పెడుతున్నారు. గాజువాక కూడలిలోని సిగ్నలు లాంటిదే. మొగ్గు ప్రమాదం తక్కువైతే ఆకుపచ్చ, తేల్చలేకపోతే పసుపు, ఎక్కువైతే ఎరుపు. 2019లో ఈ పద్ధతిని ఇంకా మెరుగుపరిచారు. వారు చూసే అంశాలను మన మాటల్లో చెబుతాము.

మొదటిది, ఎవరికి మందు, ఎవరికి ఉత్త మందు అన్నది ఎలా పంచారు? చీటీలు వేసినట్లుగా, ఎవరి ఇష్టాయిష్టాలూ లేకుండా పంచాలి. డాక్టరు తనకు తోచినట్లు పంచితే, బ్రతికేలా ఉన్నవారు మందు గుంపులోకీ బలహీనులు రెండవ గుంపులోకీ తెలియకుండానే చేరిపోతారు. తరువాతి చీటీలో ఏమున్నదో ముందే తెలిసినా ఇదే ప్రమాదం.

రెండవది, ఎవరు ఏమి తీసుకున్నారో ఎవరికి తెలుసు? "ఇది ఖరీదైన మందు" అని తెలిసిన రోగి నొప్పి తగ్గిందనే చెబుతాడు. సెలైన్ బాటిల్ ఎక్కిస్తే తప్ప జ్వరం తగ్గదని నమ్మేవారికి, బాటిల్ వ్రేలాడదీయగానే సగం ప్రాణం లేచి వస్తుంది. నర్సుకు తెలిస్తే ఆమె చూపు కూడా మారవచ్చు. అందుకే మంచి పరీక్షలలో రోగికీ నర్సుకూ లెక్క కట్టేవారికీ కూడా తెలియనివ్వరు. చావు పుట్టుకల వంటి విషయాలలో ఈ మొగ్గు కొంత తక్కువ. నొప్పి, నీరసం, నిద్ర వంటి వాటిలో చాలా ఎక్కువ.

మూడవది, మధ్యలో మాయమైనవారు ఎందరు? నూరుమందితో మొదలుపెట్టి అరవైమంది లెక్క చెబితే, మిగిలిన నలభైమంది ఏమయ్యారు? మందు పడక మానేశారా? చనిపోయారా? వారిని వదిలేసి కట్టిన లెక్కకు విలువ తక్కువ.

నాలుగవది, ముందు చెప్పినదే చివర చెప్పారా? "మరణాలు తగ్గుతాయా చూస్తాం" అని మొదలుపెట్టి, అవి తగ్గకపోయేసరికి "ఆకలి పెరిగింది" అని ప్రకటించేవారు ఉన్నారు. బాణం వేసిన తరువాత దాని చుట్టూ గురి గీసినట్లు. మన దేశంలో 2009 నుంచి, కొత్త పరీక్షలు మొదలుపెట్టే ముందే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయాలన్నది అందుకే.

ఐదవది, బయటకు రాని పరీక్షలు ఏమయ్యాయి? మందు పని చేసిందన్న పరీక్షలను పత్రికలు ఆనందంగా అచ్చు వేస్తాయి. పని చేయలేదన్నవి బీరువాలలో ఉండిపోతాయి. డబ్బు ఎవరు పెట్టారన్నది కూడా ఇక్కడే అడగాలి. కంపెనీ సొమ్ముతో జరిగినంత మాత్రాన అబద్ధం అనలేము. కానీ చేపను అమ్మేవాడే కాటా కూడా పట్టుకున్నప్పుడు మనం కాస్త దగ్గరగా నిలబడి చూస్తాము కదా!

కడివెడు పాలలో ఒక్క విషపు చుక్క

ఈ ప్రశ్నలు వేయకపోతే ఎంత నష్టమో ఐవర్‌మెక్టిన్ అన్న మాత్ర చూపింది. అది నులిపురుగులకు, గజ్జికి మంచి మందు. కోవిడ్ కాలంలో దీనిని కూడా వాడారు. ఈజిప్టులో జరిగిందన్న ఒక పరీక్ష, ఈ మాత్ర వేస్తే మరణాలు ఎంతగానో తగ్గుతాయని 2020 నవంబరులో చెప్పింది. ఆ పరీక్షను మిగిలిన వాటితో కలిపి చేసిన ఒక సమీక్ష, మరణాలు సగానికి పైగా తగ్గుతాయని తేల్చింది. మన దేశంలో లక్షలాది మంది ఆ మాత్రలు మింగారు. 2021 మేలో గోవా ప్రభుత్వం పద్దెనిమిదేళ్ళు నిండిన వారందరికీ ఇస్తామని ప్రకటించింది.

లండనులో చదువుకుంటున్న ఒక వైద్య విద్యార్థి ఆ ఈజిప్టు పరీక్ష కాగితాలను వరుసగా చదివాడు. ఒకే రోగి వివరాలు పదే పదే కనబడ్డాయి. పరీక్ష మొదలుకాక ముందే చనిపోయిన రోగులు కూడా అందులో ఉన్నారు. 2021 జూలైలో ఆ పరీక్షను వెనక్కు తీసుకున్నారు. సమీక్ష చేసినవారు నమ్మదగని పరీక్షలను పక్కన పెట్టి మళ్ళీ లెక్క కట్టారు. ప్రాణాలు నిలుస్తాయన్న ఫలితం మాయమైంది. వారు ఆ సంగతిని 2022లో తిరిగి ప్రకటించారు. మన దేశ కోవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి ఆ మాత్రను 2021 సెప్టెంబరులో తొలగించారు. బ్రెజిల్‌లో 1,358 మందితో పద్ధతి ప్రకారం చేసిన పరీక్ష కూడా, ఆసుపత్రి పాలు కాకుండా ఆ మాత్ర కాపాడలేదని 2022 మార్చిలో తేల్చింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటున్నది. ఆ సమీక్షలో పరీక్షలు ఒకటో రెండో కాదు, ఇరవైకి పైగా ఉన్నాయి. అంకెకు కొరత లేదు. కడివెడు పాలలో ఒక్క చుక్క విషం పడితే పాల కొలత తగ్గదు, పాలు మాత్రం పనికిరావు.

మరి ఎవరిని నమ్మాలి?

"డాక్టర్లే ఇన్నిసార్లు మాట మారుస్తుంటే మా వంటి బీదవారు ఎవరిని నమ్మాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కొందరు ఇక్కడినుంచి ఒక్క గంతులో "అన్నీ మోసాలే, ఏ మందూ వద్దు, ఏ టీకా వద్దు" అన్నచోటికి వెళ్ళిపోతారు. అది కూడా మొగ్గిన తక్కెడే, కాకపోతే రెండవ పక్కకు. కాటాలో మోసం ఉంటుందని తెలిసి మనం చేపలు అమ్మడం మానలేదు. కాటాను పరీక్షించడం నేర్చుకున్నాము.

మా ఉద్దేశంలో, మాట మార్చినవారి కంటే ఎన్నడూ మాట మార్చనివారి గురించే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కొత్త ఆధారం వచ్చినప్పుడు 24ను 12 చేసినవారు, వేసిన మందును పట్టిక నుంచి తీసివేసినవారు నమ్మదగినవారు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే కాగితం చూపి అన్ని రోగాలకూ ఒకే సీసా అమ్మేవాడు మాట మార్చడు. ఎందుకంటే అతడు ఎన్నడూ పరీక్షకు నిలబడలేదు.

అలాగని అంతా తేలిపోయిందని కూడా మేము చెప్పము. విటమిన్ ఎ విషయమే తీసుకోండి. 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో చేసిన రక్తపరీక్షలను చూసి, పిల్లలలో ఈ లోపం మునుపటి కంటే చాలా తగ్గిందని, ఇంకా దేశమంతటా అందరికీ ఒకే తీరున పెద్ద మోతాదులు ఇవ్వాలా అని హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలతో సహా కొందరు 2021లో ప్రశ్నించారు. లోపం ఎక్కువగా ఉన్నచోట చేసిన పాత పరీక్షల ఫలితం, లోపం తగ్గిన చోట అలాగే వర్తిస్తుందా అన్నది మంచి ప్రశ్న. దానిని తేల్చవలసినవారు తేలుస్తారు. అంతవరకు మన బిడ్డకు షెడ్యూలు ప్రకారం ఇచ్చే మోతాదును ఫోనులో వచ్చిన మాట విని మానవద్దు. అదే విధంగా మంచిది కదా అని ఇంటి దగ్గర అదనంగా పోయవద్దు. విటమిన్ ఎ ఎక్కువైతే హాని చేస్తుంది. గర్భిణులకు పెద్ద మోతాదు పనికిరాదు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, పాలు బిడ్డ కంచంలో ఉండేలా చూడండి.

మా మనవి

ఈ ఆసుపత్రిలో పని చేసేవారికీ, దీనిని ఆదరించే సంఘ కుటుంబాలకూ మాదొక మనవి. మందుల కంపెనీలు ఇచ్చే రంగుల కాగితాలను వార్డు గోడల మీద అంటించనివ్వరాదు. ఆరాధన తరువాత ఆవరణలో పొడులు, డబ్బాలు అమ్మేవారికి "మన సంఘస్థుడే కదా" అని చోటు ఇవ్వరాదు. మన నమ్మకం మీద వారు వ్యాపారం చేయరాదు. ఈ పత్రికలో కూడా ఏదైనా మందు గురించి రాస్తే, దాని వెనుక ఎటువంటి ఆధారం ఉన్నదో ఒక్క వాక్యం కలిపి రాయాలని కోరుతున్నాము.

కుటుంబాల వారు "పరిశోధనలో తేలింది" అన్న మాట వినగానే ఈ ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చారు? చీటీలు వేసి పంచారా? ఎవరు ఏమి తీసుకున్నారో తెలియకుండా చూశారా? మధ్యలో పోయినవారి లెక్క చెప్పారా? డబ్బు ఎవరిది? పూర్తి జవాబు అమ్మేవాడి దగ్గర లేకపోతే, ఆ కాగితాన్ని మడిచి ఓపీకి తీసుకురండి. డాక్టరు గారినైనా మా నర్సులనైనా అడగండి. అడిగితే కోప్పడతారేమోనని జంకవద్దు. "అమ్మా, దీనికి ఆధారం ఏమిటి?" అని అడిగే రోగిని మేము గౌరవిస్తాము. ఆ ప్రశ్నకు మాకు వెంటనే జవాబు తెలియకపోతే, తెలుసుకుని చెప్పడం మా బాధ్యత.

కొండ దిగి సింధియా దాటి ఆసుపత్రికి రావడానికి ఆటో డబ్బులు లెక్క చూసుకునే కుటుంబాలు మనవి. అటువంటివారు ఒక సీసాకు పెట్టే ప్రతి రూపాయీ, బిడ్డ నోట్లో వేసే ప్రతి చుక్కా సరైన కాటా మీద తూగినదై ఉండాలి.